అరవై మూడు రాళ్లు

మా ఆయన పేరు కిష్టయ్య. ఊర్ల మాత్రం ఉత్త కిష్టయ్య అని ఎవ్వరనరు, రాళ్ల కిష్టయ్య అంటరు. కొండాపూర్ మండలంల మాకు మూడెకరాల ఎర్ర చెలక ఉన్నది. రెండెకరాలల్ల జొన్ననో కందినో ఎట్లనో పండుతది గని, పై ఎకరం నిండ రాళ్లే. నాగలి పెడ్తె నాగలి ఇరుగుతది, ట్రాక్టరు పెడ్తె ట్రాక్టరాయన తిడ్తడు. నేను పెండ్లయి వచ్చి ఇరవై ఆరేండ్లాయె. ఆ ఎకరం పేరు చెప్పి మా ఆయనను దెప్పని ఎండకాలం ఒక్కటి లేదు. నేను జెర నోరు గలదాన్ని. ఆ సంగతి ముందుగాలనే చెప్తున్న, ఎందుకంటె పోయినేడు ఎండకాలం జరిగిందంతా ఈ నోటితోనే షురూ అయ్యింది.

మాకు ఒక్కతే బిడ్డ, నిషిత. సంగారెడ్డిల పాలిటెక్నిక్ చదివి, పటాన్‌చెరు దగ్గర ఒక చిన్న కంపెనీల ట్రైనీగ చేరింది. ఆన్నే లేడీస్ హాస్టల్ల ఉంటది. కంపెనీ అంటె ఏమంత పెద్దది కాదు, ఒక రేకుల షెడ్డు, పది పన్నెండు మంది. "ఏం చేస్తరే ఆడ?" అని అడిగితె, "బండ్లు చేస్తమమ్మా" అన్నది.

"ఆటోలా?"

"వేరే గ్రహం మీద తిరిగే బండ్లు."

నేను దాని మొఖం దిక్కు సూసిన, పరాచికాలాడుతున్నదేమో అని. ఆడుతలేదు.

"ఏ గ్రహమే?"

"అంగారకుడు. పంతులు కుజుడంటడు సూడు, ఆయననే."

నేను నెత్తి కొట్టుకున్న. "నీ జాతకంల కుజుడు సక్కగ లేడని చెప్పినప్పటి సంది నేను మంగళారం మంగళారం ఒక్కపొద్దుంటున్న. నువ్వేమో సక్కగ పొయ్యి ఆయన మీదనే బండి తోల్తున్నవా!"

మా ఆయన నవ్విండు. నిషిత నవ్వి, మంచిగ అర్థమయ్యేటట్టు చెప్పింది. వాళ్ల బండి పైకి పోయేది కాదట, ఇక్కడ నడిపి నేర్చుకునేదట. అక్కడ మనిషి ఉండడు. ఆగు అని ఇక్కడికెల్లి చెప్తె ఆ మాట అక్కడికి పోయేటాలకే ఒక్కోసారి ఇరవై నిమిషాలైతదట. అంతల బండి యాడనో బోర్ల పడ్తది. అందుకని తన తొవ్వ తనే సూసుకునేటట్టు బండికి తెలివి నేర్పుతున్నరు.

ఇదంతా మాఘమాసంల ఒక ఆదివారం సంగతి. ఆ దినం నిషిత తోని వాళ్ల పై ఆఫీసరు స్నిగ్ధ మేడం కూడ వచ్చింది. ముప్పై దాటి ఉంటయేమో, సన్నగ, కండ్లద్దాలు, మాట టీవీల వార్తలు సదివినట్టు ఉంటది. మా పై ఎకరం మీద డ్రోన్ ఎగరేసి, గంట సేపు ఫొటోలు తీసిన్రు. ఉగాది అయినంక వచ్చి ఆ ఎకరంలనే బండిని నడుపుతరట. బెంగుళూరు నుంచి పెద్దలొచ్చి సూస్తరట.

"ఈ పరీక్ష మంచిగయితె నన్ను పర్మనెంటు చేస్తరమ్మా" అన్నది నిషిత, పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకొని. "జాగ సూపించింది నేనే గదా, అంత నా మీదనే ఉన్నది. మీరు మాత్రం చెలకను ఏం చేయకుండ్రి. ఉన్నది ఉన్నట్టె ఉంచుండ్రి."

"అవునాంటీ, మీరేం శ్రమ పడకండి. టీ కూడా వద్దు" అన్నది మేడం.

రాళ్ల ముచ్చట మాత్రం నిషిత తియ్యలె. చిన్నప్పుడు బళ్లె పిల్లలు రాళ్ల కిష్టయ్య బిడ్డ అని ఏడ్పించేటోళ్లు. అప్పటి సంది నాయిన ముంగట రాయి అన్న మాట దాని నోట్లెకెల్లి రాదు. మాకు ఆ పట్టింపు ఎరుకే గని, అది ఇంత దూరం తెస్తదని ఎవలకు ఎరుక?

ఉగాది పోయింది. బండి వచ్చేటందుకు ఇంక పది దినాలున్నది. మా ఆయన అన్నం తినుకుంట, "ఏం చేయొద్దన్నది గదా బిడ్డ, ఇగ మనకేం పని లేదు" అన్నడు.

అగో, అప్పుడు లేసింది నా నోరు.

"వద్దంటె ఊకుంటమా? మా మేనత్త ఇంటికి పోతె, కడుపు నిండ తినొచ్చిన అత్తా అని నేను అనలేదా? అయినా ఆమె బువ్వ ఏసి, పప్పు పోసి పెట్టలేదా? పెట్టకపోతె నేను సచ్చేదాక యాది పెట్టుకోకపోదునా? మర్యాదకు వద్దంటరయ్యా! వద్దన్నప్పుడే ఇంకింత చెయ్యాలె. బెంగుళూరు నుంచి పెద్దలొస్తరట. ఇన్నేండ్లు చేసిన బండిని తెచ్చి ఆ రాళ్లల్ల నడుపుతరా? చక్రం ఇరిగితె ఎవల ఇజ్జత్ పోతది? రాళ్ల కిష్టయ్య బిడ్డ అని నవ్వరా?"

ఆఖరి మాట అనకుంట ఉండాల్సింది. మా ఆయన చెయ్యి కడుక్కున్నడు. తువ్వాల భుజం మీద ఏసుకొని, పక్క చెలక బాలప్ప దగ్గరికి పోయి డోజర్ ట్రాక్టర్ మాట్లాడుకొని వచ్చిండు.

మూడు దినాలు పట్టింది. నేను పాశమైలారంల సూది మందుల కంపెనీల చేస్త. మందు సీసాను దీపం ముంగట పట్టి, లోపట నలక ఉన్నదా, ఎంటిక ఉన్నదా అని సూసుడు నా పని. రెండు దినాలు లీవు పెట్టి నేను కూడ గంప ఎత్తిన. చిన్న రాళ్లు నేను, పెద్దయి గడ్డపారతోని ఆయన, మరీ పెద్దయి బాలప్ప ట్రాక్టరు. అన్నిటిని గట్టు పొంటి కుప్ప పోసినం. గుంతలు పూడ్చి, మీదికెల్లి చదును చేసి, నీళ్లు సల్లినం. ఆఖరి దినం నేను చెలక మొదట్ల సున్నంతోని ముగ్గు కూడ ఏసిన. షామియానా, ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు తెప్పిచ్చిన.

మాపటికి మా ఆయన చెప్పులిడిసి ఆ చదును మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిండు. మల్ల ఆ కొస నుంచి ఈ కొసకు. "నర్సమ్మా, మా నాయిన సూస్తె..." అన్నడు. ఆయన మొఖం అంత తేటగ నేను ఎన్నడు సూడలె. నాకు మస్తు సంబురమైంది, నేనే చేయించిన గదా అని.

సోమవారం పొద్దుగాల ఎనిమిదింటికి బండిని ఏసుకొని కంపెనీ వ్యాన్ వచ్చింది. ముందు స్నిగ్ధ మేడం దిగింది. రెండడుగులేసి ఆగింది. చెలక దిక్కు సూసింది, చేతుల ఉన్న ట్యాబు దిక్కు సూసింది, మల్ల చెలక దిక్కు సూసింది.

"నిషితా, మనం సరైన చోటికే వచ్చామా?"

నిషిత దిగింది. దాని మొఖంల నెత్తురు సుక్క లేదు.

మా ఆయన తెల్ల అంగీ తొడుక్కొని, రెండు చేతులు జోడిచ్చి ముంగటికొచ్చిండు. "రాండ్రి మేడం. ఒక్క రాయి లేకుంట తీసేసిన. మీ బండికి ఇగ ఏం తిప్పలుండది."

మేడం ట్యాబు కిందికి దించింది.

"అంకుల్," అన్నది మేడం మెల్లగ. "మాకు కావలసింది ఆ రాళ్లే."

ఆ గ్రహం మీద నేల మా పై ఎకరం తీరుగనే ఉంటదట. ఎర్రగ, రాళ్లు సగం మట్టిల, సగం పైన. డ్రోన్ తీసిన ఫొటోలను పట్టి, మోకాలెత్తు దాటిన అరవై మూడు రాళ్లకు నంబర్లేసి, మూడు నెలల సంది కంప్యూటర్ల ఆ రాళ్ల నడుమనే బండిని నడిపిస్తున్నరు. ఏ రాయి ఎక్కాలె, ఏ రాయి సుట్టు తిరిగిపోవాలె అని బండి అంతా ఈ చెలక మీదనే నేర్చుకున్నది. "చదును నేల మీద బొమ్మ కారు కూడా నడుస్తుంది కదా అంకుల్" అన్నది మేడం. కోపంగ అనలె.

"ఎవలు చెప్పిన్రు నాయినా నీకు?" నిషిత నాయిన ముంగటికొచ్చింది. "ఉన్నది ఉన్నట్టె ఉంచుమని చెప్పలేదా నేను?"

మా ఆయన నా దిక్కు సూడనన్న సూడలె.

"ఎవ్వరు చెప్పలె బిడ్డా. నేనే చేసిన. నాకే బుద్ధి లేకపాయె."

"నా నౌకరి నీ చేతులనే పాయె!" అని నిషిత వ్యాన్ ఎనుకకు పోయింది. ఏడుస్తున్నదని ఎరుకే. ఊరందరి మీద లేసే నా నోరు, లేవాల్సిన ఆ ఒక్క పూట లేవలె.

శనివారం పెద్దలొస్తరు. నడుమ నాలుగు దినాలే. ఇంకో జాగ ఎతకనీకె టైం లేదు, వాయిదా ఏస్తె ఇంకో తారీకు దొరుకుతదో దొరకదో. మేడం ఎవలెవలకో ఫోన్లు చేసింది. బండిని పెట్టెల నుంచి దించనన్న దించలె. వ్యాన్ ఎట్లొచ్చిందో అట్లనే మర్లిపోయింది. మేము షామియానా కింద, ఇరవై కుర్చీల నడుమ ఇద్దరమే నిలవడ్డం.

మంగళారం నేను లేసేసరికి మా ఆయన పక్కల లేడు. చెప్పులు కూడ ఏసుకోకుంట చెలకకు ఉరికిన. అప్పుడప్పుడే తెల్లారుతున్నది. మా ఆయన చెలక నడుమ ఒట్టి కాళ్లతోని, కండ్లు సగం మూసుకొని, అడుగులో అడుగేసుకుంట నడుస్తున్నడు.

"ఏమైందయ్యా నీకు?"

"ఉండు. మాట్లాడకు." మడిమెతోని నేలను వొత్తి సూసిండు. ఇంకో అడుగేసి మల్ల వొత్తిండు. "ఇగో, ఇక్కడ. పూడ్చిన మట్టి కాలికి మెత్తగ తగుల్తది. ఇది కాడి ఇరిగిన రాయి జాగ." గడ్డపార మొనతోని గుండ్రంగ గీత గీసిండు. "దాని నుంచి ఏడడుగులకు ముసలవ్వ. ఆమెకు ఎడమ దిక్కు జంట రాళ్లు."

ఇరవై ఆరేండ్లల్ల నేను అటన్నిటిని కలిపి రాళ్లు అన్న గని, ఒక్కోదానికి ఒక్కో పేరున్నదని నాకు తెల్వదు. కాడి ఇరిగిన రాయి దగ్గర వాళ్ల నాయిన నాగలి కాడి ఇరిగిందట. ముసలవ్వ నడుము వంగినట్టుంటదట. పాము రాయి కింద ఆయన చిన్నప్పుడు పాము కుబుసం దొరికిందట. నలభై ఏండ్లు వాటిని తప్పిచ్చుకుంట నాగలి తోలిన మనిషి, వాటిని యాడ మరుస్తడు?

"నిషితకు చెప్దామా?"

"ముందుగాల పని కానీ" అన్నడు.

ఆ పొద్దు నేను కంపెనీ బస్సెక్కలె. కుప్పలకెల్లి ఏ రాయి ఏదో గుర్తుపట్టుడు ఆయన పని అయితె, ఎంత లోతు పాతాలె అని చెప్పుడు నా పని అయ్యింది. దీపం ముంగట నలకలు సూసి సూసి నా కండ్లు గట్లయినయి మరి. రాయి పై సగం ఎండకు నల్లగ మాడి, నాచు ఎండిన మచ్చలతోని ఉంటది. కింది సగానికి ఎర్ర మట్టి పట్టి ఉంటది. నడుమ సన్నగ గీత. ఆ గీత దాక పాతితె, ఎన్కట ఎట్లున్నదో బరాబర్ అట్లనే కూసుంటది. ఇద్దరం కిందమీద పడి మధ్యాహ్నందాక పదకొండు రాళ్లు పాతినం. అప్పుడు ఫొటో తీసి నిషితకు పంపిన. ఫోన్ చేస్తె ఎత్తలె, ఫొటో మాత్రం సూసింది. గంటన్నరకు నిషిత, మేడం ఇద్దరు మేడం స్కూటీ మీద వచ్చిన్రు.

మేడం ట్యాబు పట్టుకొని ఒక్కో రాయి దగ్గర నిలవడి, టేపుతోని కొలిచింది. పదకొండు కొలిచి, మల్ల మొదటి నుంచి కొలిచింది.

"జానెడు కంటే ఎక్కువ తేడా ఎక్కడా లేదు. అంకుల్, మీ దగ్గర మా ఫొటో ఉందా?"

"ఏం ఫొటో మేడం?" అన్నడు మా ఆయన.

బాలప్పకు సంగతి తెలిసి, ట్రాక్టరేసుకొని తనంతట తనే వచ్చిండు. "తీసింది నేనే గద వదినె, పెట్టకపోతె పాపం తగుల్తది" అన్నడు. ఆ మూడు దినాలు పని మస్తు జోరుగ నడిచింది. గని నిషిత మాత్రం నాయినతోని మాట్లాడలె. ట్యాబు సూసి నాకు చెప్పేది. "అమ్మా, ఇంకో జానెడు తూర్పుకు అని చెప్పు." ఆయన రెండు గజాల దూరంల ఉండి అంతా ఇనుకుంటనే, "నర్సమ్మా, తూర్పు దిక్కున్నది నీడ, రాయి అంచు ఇది అని చెప్పు" అనేటోడు. నడుమ నేను.

గురువారం మధ్యాహ్నం నలభై నంబర్ దాటినం.

"నలభై ఒకటి," అన్నది నిషిత. "తుమ్మ చెట్టుకు ఇవతల పదడుగులు. అన్నిట్ల పెద్దది ఇదే."

మా ఆయన నడుము మీద చెయ్యేసుకొని అటు దిక్కు సూసిండు. "ఆడ రాయి లేదు."

"ఫొటోల ఉన్నది" అన్నది నిషిత. సోమవారం నుంచి నాయినకు సక్కగ చెప్పిన మొదటి మాట అదే.

"ఉండనియ్యి. చెలకల లేదు."

మేడం వచ్చి ట్యాబు సూపిచ్చింది. "ఇది మర్చిపోయే సైజు కాదంకుల్. మంచమంత ఉంది." ఆమె మొఖం వాడిపోయింది. అంత పెద్ద రాయే యాదికి లేదంటె, పెట్టిన నలభైల ఎన్ని తప్పులున్నయో అన్న అనుమానం ఆమె కండ్లల్ల కనవడ్తున్నది. మా ఆయన తుమ్మ చెట్టు కిందికి పోయి, మడిమెతోని ఒత్తి ఒత్తి సూసిండు. నేల గట్టిగనే ఉన్నది. అయినా వచ్చి నా పక్కన కూలవడ్డడు.

"ఏమో నర్సమ్మా. నేనే మరిచిన్నేమో."

గంతే. ఆ మాట ఇని నా పానం ఊకోలె. రాళ్ల సంగతిల కూడ ఈ మనిషికి తన మీద తనకు నమ్మకం పోతె, ఇంక ఈయనకు ఏం మిగుల్తది? లేసి మేడం చేతులకెల్లి ట్యాబు గుంజుకున్న.

"దీన్ని పెద్దగ చెయ్యే."

నిషిత ఏళ్లతోని సాగదీసింది. కొంగు నెత్తి మీదికెల్లి ట్యాబు మీద నీడ చేసుకొని, సీసాను సూసినట్టే సూసిన. ముందు ఒక అంచు, తర్వాత ఇంకో అంచు. మా చెలకల రాళ్లన్ని ఎర్రగుంటయి, ఇది నల్లగున్నది. రాయికి పగుళ్లుంటయి, దీనికి లేవు, నున్నగున్నది. ఒక కొసకు సన్నగ దారమంత గీత, చివర్ల కుచ్చు.

"బాలప్పా," అన్న. "మాఘమాసంల నీ బర్రెను యాడ కట్టేస్తుంటివి?"

బాలప్ప బుర్ర గోక్కున్నడు. "యాడ కట్టేస్త వదినె, మీ తుమ్మ చెట్టు కిందనే. జెర నీడుంటది గదా. మంచిగ పండుకొని నెమరేస్తుండె."

"ఇగో సూడు మేడం. నీ రాయికి తోకున్నది."

స్నిగ్ధ మేడం ట్యాబు దిక్కు సూసింది. ఇంకింత పెద్దగ చేసి సూసింది. "అయ్యో దేవుడా" అని కింద కూసున్నది. "మూడు నెలల నుంచి... మూడు నెలల నుంచి మా బండి బర్రె చుట్టూ తిరగడం నేర్చుకుంటోంది!" ఆమె నవ్వు ఆగలె, కండ్లద్దాలు తీసి కండ్లు తుడుసుకున్నది. బాలప్ప నవ్విండు, నేను నవ్విన, నిషిత కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వుకుంట నవ్వుకుంట నాయిన దిక్కు సూసింది. ఆయన నవ్వుతలేడు. బతికిన అన్నట్టు ఊపిరి తీసుకుంటున్నడు.

ఇగ నేను ఆపుకోలేకపోయిన.

"నిషీ, మీ నాయిన తప్పేం లేదే. రాళ్లు తీయమన్నది నేనే. ఈయన వద్దనే అన్నడు. రాళ్ల కిష్టయ్య బిడ్డ అని నిన్ను నవ్వుతరన్న. అందుకే తీసిండు."

తిడ్తదేమో అనుకున్న, తిట్టినా పడ్త అనుకున్న.

"నేను మాత్రం చెప్పిన్ననా అమ్మా, మాకు రాళ్లే కావాలె అని?" అన్నది మెల్లగ. "నాయిన ముంగట రాళ్ల మాట ఎట్ల తీయాలె అని మింగిన. చెప్తె అయిపోయేది."

కొంగుతోని మొఖం తుడుసుకున్న. నిషిత పొయ్యి గడ్డపార రెండో కొస పట్టుకున్నది.

"నలభై రెండు యాడ నాయినా?"

"పాము రాయా? రా, సూపిస్త" అన్నడు మా ఆయన.

శనివారం పెద్దలు ముగ్గురొచ్చిన్రు. అందుల ఒక తెల్లెంటికల మేడం, నెత్తికి టోపీ. నలభై ఒకటి పోను అరవై రెండు రాళ్లు ఎవల జాగల వాళ్లు కూసున్నరు. ముందటి దినం స్నిగ్ధ మేడం కంప్యూటర్లకెల్లి బర్రెను తీసేసి, బండికి మల్ల పాఠం చెప్పింది. పెట్టెలకెల్లి బండిని దించిన్రు. నులక మంచంల సగం ఉంటది, ఆరు చక్రాలు, మీద మెడ లాంటి కడ్డీ, దానికి రెండు కండ్లు. ఎవల చేతుల రిమోట్ లేదు. నిషిత చేతులు ఎనుకకు కట్టుకొని నిలవడ్డది. ఆ చేతులు ఒకటి తోని ఒకటి నలుపుకునుడు ఎనుక నిలవడ్డ నాకే కనవడ్తున్నది.

బండి కదిలింది. నత్త తీరుగ పోతున్నది. ముసలవ్వ పక్క పొంటి పోయింది. జంట రాళ్ల నడుమకెల్లి దూరింది. కాడి ఇరిగిన రాయి ముంగటికొచ్చి ఆగింది.

ఆగిందంటె ఆగింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. టోపీ మేడం గడియారం సూసుకున్నది. స్నిగ్ధ మేడం పెదవి కొరుక్కున్నది. నేను మొక్కని దేవుడు లేడు, ఆఖరికి ఆ కుజునికి కూడ మొక్కిన, నీ మీదికొచ్చే బండే గదా సామీ, జెర తొవ్వ ఇయ్యి అని.

మా ఆయన నా పక్కన నిలవడి పెదవులు కదిలిస్తున్నడు. ఇన్న. "కుడికి తిరుగు బిడ్డా. ఎడమకు పోకు, ఆడ మెత్తగుంటది. కుడికి, కుడికి..." ఎద్దుతోని మాట్లాడినట్టు మాట్లాడుతున్నడు.

బండి మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. మెల్లగ కుడికి తిరిగింది.

"శెబాష్!" అన్నడు మా ఆయన, గట్టిగనే. ముగ్గురు పెద్దలు ఎనుకకు తిరిగి సూసిన్రు. ఆయన తువ్వాల నోట్ల కుక్కుకున్నడు.

తొవ్వల ఆఖరుకున్న పాము రాయి దగ్గర బండి తిరగలె, ఎక్కింది. ముందటి చక్రం రాయి మీదికి పాకింది, బండి ఒక పక్కకు ఒరిగింది. ఇగ పడ్తది అనుకుంటుండంగనే ఎనుక చక్రాలు మట్టిని పట్టుకొని మీదికి నూకినయి. దిగింది. చెలక కొసకు పాతిన జెండా దాక పొయ్యి నిలవడ్డది. స్నిగ్ధ మేడం నిషితను కావలిచ్చుకొని ఎగిరింది. నేను ముగ్గు పక్కన అట్లనే కూసున్న. ఆకలైతున్నదని అప్పుడే తెలిసింది.

టోపీ మేడం రాళ్ల నడుమ తిరిగి తిరిగి, వంగి ఒకటి రెండు రాళ్లను కదిలిచ్చి సూసింది. కదలలె. "టెస్ట్ గ్రౌండ్ చాలా సహజంగా ఉంది. ఎవరు తయారు చేశారు?" అని అడిగింది.

నిషిత నన్ను సూడలె, స్నిగ్ధ మేడాన్ని సూడలె. "మా నాయిన మేడం" అన్నది. "రాళ్ల కిష్టయ్య అంటరు. ఈ రాళ్లన్ని ఆయనకు పేరు పేరున ఎరుకే."

ఆ పేరు బిడ్డ నోట్లెకెల్లి రావడం అదే మొదలు. మా ఆయన నిలవడ్డ కాడనే నిలవడ్డడు. తువ్వాలతోని మొఖం తుడుసుకుంట తుడుసుకుంట, శానసేపు తియ్యలె.

నిషితకు జ్యేష్ఠంల పర్మనెంటు కాగితం వచ్చింది. వాళ్ల కొత్త మ్యాపుల నంబర్లు తీసేసి పేర్లు రాసిన్రట. ముసలవ్వ, జంట రాళ్లు, కాడి ఇరిగిన రాయి. తుమ్మ చెట్టు దగ్గర ఏం లేకున్నా, బాలప్ప బర్రె అని రాసుకున్నరట. కార్తీకంల ఇంకో బండి తెస్తమన్నరు.

మొదటి వానలు పడ్డంక ఒక ఆదివారం, నిషిత ఇంట్ల ఉన్నప్పుడు, బాలప్ప వచ్చిండు. బర్రెలకు కొట్టం కడ్తున్నడు.

"కిష్టన్నా, పునాదికి ఓ రెండు ట్రాలీల రాళ్లు కొట్టుకపోత. నీకు ఎట్లైనా బేకారే గదా."

ఎన్కటయితె మా ఆయన ఎదురు పొయ్యి ట్రాలీ నింపేటోడు. తీసుకపోండ్రి అని ఊరందరిని బతిలాడిన మనిషి ఆయన.

"గడ్డి అడుగు, ఇస్త. జొన్నలడుగు, ఇస్త" అన్నడు మా ఆయన. "రాళ్లు మాత్రం అడగకు బాలప్పా. ఒక్కటి కూడ ఇయ్య."

"ఓయబ్బో! రాళ్ల కిష్టయ్య అని ఊకెనే అన్నరా!"

"మరి? ఎవలనుకున్నవు?" అన్నడు మా ఆయన.

నిషిత తలుపు సాటుకు నిలవడి నవ్వుతున్నది. నేను పొయ్యి మీద ఛాయ్ ఎక్కిచ్చిన. "ఇప్పుడే తాగొచ్చిన వదినె, వద్దు" అన్నడు బాలప్ప. అయినా పెట్టిన.